ఆసుపత్రి పండు

మైపాడు పాళెం
సెప్టెంబరు 4

లాల్‌బీకి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలని కోవూరు హైస్కూల్లో తెలుగు అయ్యవారు మనిద్దరినీ బెంచీ ఎక్కించి మరీ నేర్పించారు. నేను కుశలమే. నీ సంగతి అడుగుదామని ఫోన్ చేస్తే నీ కూతురు షాహీనా ఎత్తింది. "అమ్మ మాట్లాడకూడదంట పిన్నీ, మూడు నెల్లు. వాయిస్ మెసేజీలు పెడతా ఉందని ఫోను నేనే లాక్కున్నా" అంది. గొంతు వాపుకి మూడు నెలల మూగనోము నేనెక్కడా వినలేదు. ముప్పై ఏళ్లుగా ఆసుపత్రి గేటు ముందు నిలబడి "రండమ్మా రండి" అని అరిచే గొంతు వాచక ఏం చేస్తుంది అనుకో. ఆదివారం చూడ్డానికి వస్తానంటే అదీ వద్దన్నావట. నేను ఎదురుగా కూర్చుంటే నీ నోరు ఊరుకోదట. అది మాత్రం నిజం. అందుకని పాతికేళ్ల తర్వాత ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఆటో ఫ్రెడ్డీ మనిద్దరికీ తపాలా బంట్రోతు. "నెల్లూరికి రోజూ తిరగతానే ఉండా గదక్కా, కాయితం ఏమన్నా బరువా" అన్నాడు.

ఇప్పుడు అసలు పని. మా బాలబడి నడిపే ట్రస్టుకి దాతలు ఎక్కడో చలిదేశం వాళ్లు. అక్కడిది ఆపిల్ కోతల కాలమట. ఈ కాలంలో పిల్లలతో ఆపిళ్లతో చేయించాల్సిన సరదా పనుల పట్టిక ఒకటి ట్రస్టు మేడమ్ నా ఫోన్‌కి పంపింది. తోటకి తీసుకెళ్లి కాయలు కోయించాలి. నీళ్ల తొట్టిలో ఆపిళ్లు వేసి చేతులు పెట్టకుండా నోటితో పట్టించాలి. సగానికి కోసి రంగులో ముంచి అచ్చులు వేయించాలి. చక్రాలుగా తరిగి ఎండబెట్టాలి. ఒక వంటకం చేయాలి. అన్నిటికీ ఫోటోలు కావాలి. తోట ఫోటో తప్పనిసరి అని కింద గీత కూడా గీసింది. మా పాళెంలో ఉన్నది సరుగుడు తోపు, దాని వెనక ఇసుక, ఇసుక వెనక సముద్రం. ఆమె పోయిన నెలే వచ్చి చూసి పోయింది.

నిన్న పిల్లలకి ఆపిల్ బొమ్మ చూపించి ఇదేంటి అని అడిగాను. పడవ నరసయ్య మనవరాలు చిట్టి, నాలుగేళ్లది, లేచి నిలబడి "ఆసుపత్రి పండు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఎవురికి బాగలేదు టీచరా?" అని అడిగింది. ఎవరికీ ఏమీ లేదంటే నమ్మలేదు. పోయిన ఏడు వాళ్ల నాయనమ్మకి రెండు ఆపిళ్లు పట్టుకుని అందరూ నెల్లూరు పోయారు. ఆవిడ తిరిగి రాలేదు. దానికి తెలిసిన ఆపిల్ అంతవరకే.

పిల్లలు పద్నాలుగు మంది. పద్నాలుగు ఆపిళ్లు ఫ్రెడ్డీ చేతికియ్యి. చిన్నవైనా సరే. డాక్టరు ఇంకేం చెప్పాడో దాచకుండా రాయి.

నీ
పేరమ్మ


నెల్లూరు, ఆసుపత్రి గేటు ఎదురు
సెప్టెంబరు 7

పేరమ్మా,

సలాం. డాక్టరు ఇంకేమీ చెప్పలేదు. వాపు అన్నాడు. మాట్లాడొద్దన్నాడు, మాట్లాడటం లేదు. మెడలో పలక తగిలించుకుని కూర్చున్నాను. పలక చూసి నాకు చెవుడనుకుని కొనేవాళ్లు నా చెవి దగ్గర అరుస్తున్నారు. షాహీనా కూడా అరుస్తోంది గానీ, దాని అరుపు బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచినట్టుంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. బేరం ఆడేవాళ్లతో పోట్లాడలేకపోవడం ఒక్కటే నాకు కష్టంగా ఉంది. పలక మీద ఎంత గట్టిగా రాసినా తిట్టు తిట్టులా ఉండదు.

మీ చిట్టి తెలివైంది. ముప్పై ఏళ్లలో నా దగ్గర ఆపిల్ కొన్నవాడెవడూ తను తినడానికి కొనలేదు. అల్లుడైతే నిగనిగలాడేవి ఏరతాడు, లోపల ఎట్టా ఉన్నా సరే. కొడుకు ఏరడు, సంచిలో వెయ్యమని రోడ్డు వైపు చూస్తాడు. తోటికోడలు ప్రతి పండూ రెండుసార్లు నొక్కి చూసి మొదటిదే తీసుకుంటుంది. సంచి చూసి మంచం మీద మనిషి సంగతి చెప్పగలను. రెండు ఆపిళ్లంటే రేపు ఇంటికి పంపుతారు. కిలో అంటే ఇంకో వారం. ఆపిళ్లతో పాటు ద్రాక్ష కూడా కొన్నారంటే ఇక నేనేమీ అడగను.

పద్నాలుగు ఏరి పంపడానికి నాకు చెయ్యి రాదు. పెట్టె పంపుతున్నాను. సిమ్లా సరుకు, చిన్న సైజు, పిల్లల చేతికి సరిపోతుంది. తోట సంగతికి అంత ఆలోచన దేనికి, సరుగుడు చెట్లకి కట్టి కోయించు. చలిదేశం వాళ్లు మైపాడు వచ్చి చూడబోతారా.

లాల్‌బీ


నెల్లూరు
సెప్టెంబరు 13

పేరమ్మా,

ఈసారి సలాం లేదు. నిన్నటి నుంచి మీ పాళెం వాళ్లు తొమ్మిది మంది నా కొట్టుకి వచ్చారు. మొదట నరసయ్య వచ్చాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని "మంచియ్యి రెండు ఇయ్యమ్మా, మా టీచరమ్మకి" అన్నాడు. పలక మీద ఏమైంది అని రాసి చూపించాను. ఆయనకి చదువు రాదు. చదివినట్టే చూసి, "అంతేగదమ్మా, మన చేతిలో ఏముండాది" అన్నాడు. ఆ వెనక ఆడవాళ్లు వచ్చారు. అందరూ నీకే అన్నారు. ఒకామె ద్రాక్ష కూడా కొంది. ఆమె తూకం రెండుసార్లు తప్పు వేశాను. షాహీనా వచ్చి కాటా అందుకుంది.

పిల్లల పేరు చెప్పి పెట్టె తెప్పించుకున్నది నీకోసమేనా? నలభై ఏళ్ల స్నేహంలో ఈ మాట నాకు మీ పాళెం వాళ్లు చెప్పాలా? డాక్టరు ఆ పేరు పలికిన రోజు ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా గోడవైపు తిరిగి పడుకోవడం ఎంత తెలివితక్కువ పనో నాకు తెలుసు. నీకేమన్నా అయితే నేనెవరితో పోట్లాడాలి? ఫ్రెడ్డీని పలక మీద నిలదీస్తే "నాకేం తెలవదక్కా, పెట్టె దించినా, వచ్చేసినా" అంటున్నాడు. వెంటనే రాయి. నిజం రాయి.

లాల్‌బీ


మైపాడు పాళెం
సెప్టెంబరు 15

లాల్‌బీకి,

నాకేమీ కాలేదు. గుండ్రాయిలా ఉన్నాను. పాళెంలో ఈ మాట నమ్మే మనిషిని ప్రస్తుతానికి నేనొక్కదాన్నే.

ఫ్రెడ్డీ పెట్టె తెచ్చింది పడవలు ఒడ్డుకి వచ్చే వేళకి. ఊరంతా అక్కడే ఉంది. వాడు ఆటో ఆపి, "టీచరమ్మకి, ఆసుపత్రి కాడినించి" అని అరిచి దించాడు. మా వాళ్ల లెక్క నీకు తెలుసు. రెండు ఆపిళ్లంటే జ్వరం. పెట్టెడు ఆపిళ్లంటే ఏమవుతుందో ఎవరికి వాళ్లే తేల్చుకున్నారు. సాయంత్రానికి నరసయ్య వచ్చి చాప మీద అరగంట కూర్చున్నాడు. లేచేటప్పుడు, "బాధ పడబాకమ్మా. నా పెండ్లాం గూడా ధైర్యంగానే ఉన్నింది" అన్నాడు. నాకు బాగానే ఉంది నరసయ్యా అన్నాను. వాకిట్లో ఉన్నవాళ్లతో "చూడండి, ఎంత ధైర్యమో" అని చెప్పుకుంటూ పోయాడు.

ఆ రోజు నుంచీ నా వాకిలి ఎవరో ఊడుస్తున్నారు, నీళ్లు ఎవరో మోస్తున్నారు. పెద్ద వంజరం చేపలో నడిమి ముక్కలు నాకే వస్తున్నాయి. పదేళ్లుగా నాతో మాట్లాడని అంకాలమ్మ వచ్చి, కుళాయి దగ్గర గొడవలో తప్పు తనదేనని ఒప్పుకుంది. నేను బాగున్నానని ఎంత చెబితే అంతగా ఏడుస్తున్నారు. మూడో రోజుకి చెప్పడం మానేశాను. నీ పెట్టెవి కాక ఇంట్లో అరవై ఒక్క ఆపిళ్లున్నాయి.

అన్ని ఉన్నాయి కాబట్టి తోట వేశాం. నరసయ్య వల దారం ఇచ్చాడు. సరుగుడు కొమ్మలకి పిల్లల చేతికందేలా కట్టాం. పద్నాలుగు మందీ బుట్టలు పట్టుకుని కోశారు. సరుగుడు చెట్టు ఏం కాస్తుందో పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పిల్లలు, ఒక్కరు కూడా ఇదేంటని అడగలేదు. ఫోటోలు పంపితే మేడమ్, ఇవి ఏ రకం చెట్లు అని అడిగింది. తీరప్రాంతపు రకం అని రాశాను. చాలా బాగుంది అంది.

చిట్టి కోసిన పండు మాత్రం అది తినలేదు. తెచ్చి నా ఒళ్లో పెట్టి, "నీకే టీచరా, నీకు బాగలేదు గదా" అంది.

ఇక నీ ఉత్తరం. రెండుసార్లు చదివాను. ఆ పేరు పలికిన రోజు గోడవైపు తిరిగి పడుకుంటే ఎలా ఉంటుందో నీకు తెలుసన్నావు. వాపు పేరు చెబితే ఎవరూ గోడవైపు తిరగరు. ఏ పేరు లాల్‌బీ?

పేరమ్మ


నెల్లూరు
సెప్టెంబరు 22

పేరమ్మా,

చక్రాలు ఎండబెట్టే ముందు ఉప్పునీళ్లలో ముంచి తియ్యి, నల్లబడవు. మరీ పల్చగా తరగొద్దు. అచ్చులకి మెత్తబడ్డ పండు పనికిరాదు, గట్టిది చూడు. నిలువుగా కాదు, అడ్డంగా కొయ్యి. గింజలుండే చోట నక్షత్రం కనపడుతుంది. ఇన్నేళ్లుగా కోసి చూపిస్తున్నాను, ఎవరూ నక్షత్రం చూడలేదు. మచ్చ ఉందా లేదా అనే చూస్తారు.

ఇంకేం రాయాలి. కాశ్మీరు సరుకు దిగింది. ఈ ఏడు రంగు బాగుంది.

సరే. నువ్వు కాగితం మీద కూడా మనిషిని తప్పించుకోనివ్వవు. ఎదురుగానే కదా ఆసుపత్రి అని, జులైలో ఒకరోజు పళ్ల మీద గోతం కప్పి రోడ్డు దాటాను. గొంతులో చిన్న గడ్డ ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఇంకోరోజు మళ్లీ గోతం కప్పి పోయి, ఏం తేలిందో విని వచ్చాను. ఆ పేరు నేను రాయను. నువ్వు పంతులమ్మవి, అర్థం చేసుకో. మొదట్లోనే దొరికింది, కోసి తీసేస్తే ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. గొంతు మాత్రం ఇప్పటిలా ఉంటుందని మాటివ్వలేనన్నాడు. ఆలస్యం చేస్తే ప్రాణం సంగతి కూడా మాటివ్వలేనన్నాడు.

మూడు నెలలు మాట్లాడొద్దన్నది ఆయన కాదు, నేనే. ఆయన అరవొద్దన్నాడు, అంతే. నోరు తెరిస్తే షాహీనాకీ నీకూ చెప్పేస్తానని తెలిసి నోరే మూసుకున్నాను. సీజను అయ్యాక చూద్దాం. ఆ గొంతు పోతే నేనెవర్ని? కొట్లో కాటా పక్కన ఇంకో కాటాని. షాహీనాకి ఇందులో ఒక్క ముక్క కూడా తెలియదు. తెలియకూడదు.

లాల్‌బీ


మైపాడు పాళెం
అక్టోబరు 3

లాల్‌బీకి,

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ముందు పట్టిక సంగతులు రాస్తాను, అది ఆ తర్వాత.

నోటితో ఆపిల్ పట్టే ఆటకి నరసయ్య పడవలోని ఐసు పెట్టె ఇచ్చాడు. పట్టికలో ఈ ఆటకి పదిహేను నిమిషాలు అని ఉంది. మా పిల్లలు తలకాయలు ముంచి ఒక నిమిషం లోపల పద్నాలుగు ఆపిళ్లూ పైకి తెచ్చారు. మిగతా పద్నాలుగు నిమిషాలు ఐసు పెట్టెలోంచి వాళ్లని పైకి తియ్యడానికి పట్టింది. నరసయ్య గడ్డం పట్టుకుని చూసి, "బెండు మాదిరి తేలతా ఉండాదే" అన్నాడు. నాలుగు తీసుకుపోయి వలకి బెండ్లుగా కట్టాడు. చేపలు పడలేదు. ఆపిళ్లు పీతలు తిన్నాయి.

అచ్చులు కాగితం మీద వేద్దామంటే గాలికి కాగితం నిలవలేదు. ఒడ్డున బోర్లించిన నరసయ్య పడవ మీద వేశారు. నువ్వు చెప్పినట్టే అడ్డంగా కోశాను. పడవ నిండా ఎర్రటి గుండ్రాలు, మధ్యలో నక్షత్రాలు. పిల్లలు నక్షత్రాలు చూశారు లాల్‌బీ, మచ్చ గురించి ఒక్కరూ అడగలేదు. నరసయ్యకి కోపం వస్తుందనుకున్నాను. "దిష్టి చుక్కలకి బాగుండాయి" అన్నాడు.

చక్రాలు ఎండబెట్టడానికి ఇసుక మీద పరిచిన వలలు తప్ప చోటు లేదు. వలల మీద ఒక పక్క నెత్తళ్ల చేపలు ఎండుతున్నాయి. రెండో పక్క ఇవి. నాలుగు రోజుల్లో చక్కగా ఎండాయి. రుచి ఆపిల్‌దే. వాసన మాత్రం పూర్తిగా నెత్తళ్లది. వంటకం చేపల పులుసు. మామిడికాయలు లేని కాలం, ఆ ముక్కల బదులు పుల్లటి ఆపిల్ ముక్కలు వేశాం. ఎవరూ గుర్తుపట్టలేదు. మేడమ్‌కి ఆపిల్ కూర అని రాశాను, చేప సంగతి రాయలేదు.

చిట్టి ఒక్కటే తినలేదు. తింటే ఆసుపత్రికి పోవాలంది. దాని ముందు కూర్చుని ఒక పండు మొత్తం నేను తిన్నాను. సాయంత్రం దాకా నా వెంటే తిరిగింది, గంటకోసారి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మర్నాడు పొద్దున్నే వాకిట్లో నిలబడి ఉంది. నేను బతికే ఉన్నానని చూసుకుని, పండు తీసుకుని కొరికింది. సగం తిన్నాక, "జబ్బు లేకపోయినా తినొచ్చు" అని తేల్చి చెప్పింది. అప్పటి నుంచీ వీధిలో కనపడిన ప్రతివాళ్లకీ అదే చెబుతోంది. నాకు బాగానే ఉందన్న మాట పాళెం నమ్మింది నేను చెబితే కాదు, అది చెబితే. వంజరం ముక్కలు ఆగిపోయాయి.

పిల్లలతో కొట్టు ఆట కూడా ఆడించాను. పళ్ల కొట్టు ఎలా అరుస్తుందో నాకు ఒక్కటే తెలుసు, నీది. "రండమ్మా రండి, కాశ్మీరు ఆపిల్, చక్కెర ముక్క" అని నేర్పాను. చిట్టి అరిస్తే ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు తలలెత్తి చూశారు. పిట్ట కొంచెం, కూత ఘనం.

ఇప్పుడు రాస్తాను. నాకు భయంగా ఉంది. నేను ఉత్తుత్తి రోగిని, పది రోజులు మంచం చుట్టూ మనుషులు కూర్చుంటే నాకే బాగా అనిపించింది. నిజంగా బాగాలేని దానివి, మెడలో పలక వేసుకుని ఒంటరిగా పళ్లు అమ్ముకుంటున్నావు. సీజను ప్రతి ఏడూ వస్తుంది. పోయి కోయించుకో. షాహీనాకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?

పేరమ్మ


నెల్లూరు
అక్టోబరు 9

పేరమ్మా,

నీ ఉపన్యాసం అందింది. జబ్బు లేకుండా నీకు అరవై ఒక్క ఆపిళ్లు వచ్చాయి. జబ్బు ఉండి కూడా నాకు ఒక్కటి రాదు. పళ్ల కొట్టు దానికి పళ్లు ఎవరు తెస్తారు? వార్డులో అందరి మంచాల దగ్గరా నా కొట్టు సంచులుంటాయి, నా మంచం దగ్గర ఉత్త స్టూలు ఉంటుంది. ఇది నవ్వులాటకి రాయడం లేదు. జులై నుంచీ కాటా ముందు కూర్చుని నేను ఆలోచిస్తున్నది ఇదొక్కటే.

షాహీనాకి చెప్పావంటే మన స్నేహం సరి. ఒట్టు. నన్ను వదిలెయ్యి.

లాల్‌బీ


మైపాడు పాళెం
అక్టోబరు 13

లాల్‌బీకి,

నిన్న ఆదివారం పొద్దున నువ్వు పళ్ల మార్కెట్టుకి పోయే వేళ చూసుకుని కొట్టుకి వచ్చాను. షాహీనాకి చెప్పాను. అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పళ్ల మీద గోతం కప్పి రోడ్డు దాటింది. నువ్వు చేసినట్టే. తిరిగి వచ్చేటప్పటికి ఆపరేషన్‌కి ఇరవై ఒకటో తేదీ రాయించుకుని వచ్చింది. ఈపాటికి నీ చేతిలో ఆ కాగితం పెట్టే ఉంటుంది.

స్నేహం సరి అన్నావు. సరే. స్నేహం పోయి నువ్వు ఉంటే, రోడ్డుకి అవతల నిలబడి చూసి పోతాను. నువ్వు పోయి స్నేహం ఉంటే దాన్ని నేనేం చేసుకోను.

గొంతు పోతే కొట్టు మూగబోతుందనే కదా నీ భయం. పద్నాలుగు గొంతులు పంపుతున్నాను. పిల్లల అరుపు ఫ్రెడ్డీ ఫోన్‌లో రికార్డు చేశాం. కొట్టుకి మైకు కట్టిస్తానని వాడే అన్నాడు. నీ మాటలే, ఒక్కటీ మార్చలేదు. చివర్లో చిట్టి సొంత మాట ఒకటి కలిపింది. మళ్లీ తీద్దామనుకునేలోపు పిల్లలు అన్నానికి పోయారు.

దీనికి జవాబు రాదని తెలుసు.

పేరమ్మ


ఆసుపత్రి లోపల, రెండో అంతస్తు
అక్టోబరు 27

పేరమ్మా,

నీ మీద కోపంగా ఉంది. మాట్లాడటం మానేసి చూపిద్దామంటే ఎలాగూ మాట్లాడలేను, నీకు తేడా తెలియదు. అందుకని రాస్తున్నాను. కోపంగా ఉంది.

కోశారు. మొత్తం వచ్చేసిందంటున్నారు. పలక లోపలికి కూడా తెచ్చుకున్నాను. ఇక్కడ దీనికి గౌరవం ఉంది, ఎవరూ చెవిలో అరవరు.

ఆపరేషన్ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నువ్వు నా కొట్లో కూర్చుని పళ్లు అమ్మావని షాహీనా చెప్పింది. పైకి రమ్మంటే, మీ అమ్మ రావొద్దంది అన్నావట. మొండిదానా, ఆ మాట నేను సెప్టెంబర్లో అన్నాను.

చీకటి పడే ముందు నర్సు ఒక ఆపిల్ తెచ్చి నా స్టూలు మీద పెట్టింది. "కింద మీ కొట్లోనే కొన్నారంట, మీకియ్యమన్నారు" అంది. ఎవరు ఏరారో చూడగానే తెలిసింది, ఒక పక్క దెబ్బ తగిలిన పండు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నావు, పండు ఏరడం నేర్చుకోలేదు. మింగడానికి లేదు. పక్కకి తిరిగి దాన్నే చూస్తూ పడుకున్నాను. ఈసారి గోడవైపు తిరగలేదు.

పిల్లలు పంపిన ఎండు చక్రాల పొట్లం నిన్న విప్పాను. వార్డంతా నెత్తళ్ల వాసన. పక్క మంచం మీద కోవూరు ఆవిడ ఉంది, నాలుగు రోజులుగా గంజి కూడా ముట్టలేదు. లేచి కూర్చుని, "అన్నం ఉంటే పెట్టండమ్మా" అంది. డాక్టరు వచ్చి ఏంటీ వాసన అని అడిగాడు. పలక మీద ఆపిల్ అని రాశాను. నాకు ఇంకో పరీక్ష రాశాడు.

కిటికీలోంచి మైకు వినపడుతోంది. చక్కెర ముక్క దాకా బాగుంది. అది నా అరుపే, ఆ సాగదీయడం కూడా నాదే. వింటూ ఏడ్చాను. ఆ తర్వాత "జబ్బు లేకపోయినా తినొచ్చు" ఏంది? ఆసుపత్రి గేటు ముందు నిలబడి ఆ మాట అంటే నా వ్యాపారం ఏం కావాలి? ఆ ముక్క తీసెయ్యమని షాహీనాకి రాసిచ్చాను. చదివి, మడిచి, ఎక్కడో పెట్టేసింది.

లాల్‌బీ


మైపాడు పాళెం
నవంబరు 14

లాల్‌బీకి,

నువ్వు ఇంటికి వచ్చావని ఫ్రెడ్డీ చెప్పాడు. ఇక్కడ వారంగా ముసురు. పడవలన్నీ పైకి లాగేశారు. నరసయ్య పడవ మీద ఆపిల్ అచ్చులు సగం కడుక్కుపోయాయి, నక్షత్రాలు మాత్రం ఉన్నాయి. నీ గొంతు ఎప్పుడు తెలుస్తుందో రాయలేదు. చిట్టి రోజూ, "పండ్ల అవ్వ మాట్లాడిందా?" అని అడుగుతోంది. ఇంకా లేదంటే, "మా మాటే వాడుకోమను" అంటోంది.

మన ఫోటోలు చలిదేశంలో గోడకి పెట్టారట. తీరప్రాంతపు ఆపిల్ తోటల గురించి ఇంకా తెలుసుకోవాలని ఉందట. డిసెంబరు పట్టిక కూడా వచ్చింది. పిల్లలతో మంచు మనిషిని చేయించాలి. నరసయ్య ఐసు ఫ్యాక్టరీలో మాట్లాడుతున్నాడు.

గొంతు వస్తే మంచిదే. రాకపోతే రాస్తూ ఉండు. నీ దస్తూరి కూడా అరుస్తున్నట్టే ఉంటుంది.

పేరమ్మ


నెల్లూరు, ఆసుపత్రి గేటు ఎదురు
డిసెంబరు 5

పేరమ్మా,

సలాం. ఒకటో తేదీన డాక్టరు కూర్చోబెట్టి, "ఏదన్నా మాట అనమ్మా" అన్నాడు. నీ పేరు అన్నాను. తలుపు కింద ఇసుక ఇరుక్కుంటే వచ్చే చప్పుడు ఉంటుందే, అట్టా వచ్చింది. ఇదే నిలుస్తుంది, ఇంతకంటే రాదన్నాడు. అరవడానికి ఇక ఎప్పటికీ పనికిరాదు. రోడ్డు దాటి కొట్లోకి వచ్చి గోతాల వెనక కూర్చుని ఏడ్చాను. ఏడుపు కూడా ఆ గొంతుతోనే వచ్చేటప్పటికి మధ్యలో నవ్వొచ్చింది. షాహీనా దగ్గర ఫోన్ తీసుకున్నాను. రేపు చేస్తాను. నవ్వావంటే పెట్టేస్తాను.

బేరం మాత్రం నేను అనుకున్నంత చెడలేదు. నేను మెల్లగా చెబితే, వీళ్లకి మాత్రమే ఏదో చెబుతున్నాననుకుని దగ్గరికి వంగి, ఒప్పుకుని పోతున్నారు. ముందే తెలిస్తే ముప్పై ఏళ్లు గొంతు చించుకునేదాన్ని కాదు.

మైకులో చిట్టి మాట తీయించాలని నిన్నటి దాకా షాహీనాతో యుద్ధం. నిన్న మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడు. ఒక్క ఆపిల్ ఏరాడు. అల్లుడిలా కాదు, కొడుకులా కాదు, నిదానంగా వాసన చూసి ఏరాడు. సంచి ఇవ్వబోతే వద్దన్నాడు. గేటు వైపు పోతాడనుకుంటే పోలేదు. నా కొట్టు ముందే నిలబడి, పంచెకి తుడుచుకుని, కొరికాడు.

ముప్పై ఏళ్లలో నా ఎదురుగా నా ఆపిల్ తిన్న మొదటి మనిషి. నాకున్న గొంతుతో అడిగాను, లోపల ఎవరికి బాగాలేదు పెద్దాయనా అని. "ఎవురికీ లేదమ్మా" అన్నాడు. "ఆ పాప తినొచ్చంటా ఉండాది గదా."

మొత్తం తిన్నాడు. తొడిమ నా చేతిలో పెట్టి, బస్సెక్కి ఊరికి పోయాడు.

లాల్‌బీ